ఏడో తరగతి అబ్బాయి: సైన్స్ పరీక్షలో 80కి 68, కార్డు మీద మాత్రం బీ1. బాకీ పడ్డ నోట్సులు ఎలా తీర్చాలి?

ఉక్కునగరం అమ్మ
నవంబరు 8, మధ్యాహ్నం 12:40

నమస్కారం అండి. మాది విశాఖ ఉక్కునగరం. మా అబ్బాయి ఏడో తరగతి, సీబీఎస్‌ఈ బడి. నిన్న హాఫ్ ఇయర్లీ ప్రోగ్రెస్ కార్డు ఇచ్చారు. సైన్స్‌లో బీ1, సోషల్‌లో బీ2. పోయినేడాది రెండింట్లోనూ ఏ2 వచ్చింది. మా ఆయనకి ఈ వారం బి షిఫ్టు. రాత్రి ఇంటికొచ్చి కార్డు చూశారు. ఒక్క మాట అనలేదు గానీ కంచంలో అన్నం సగం వదిలేసి లేచిపోయారు. అది చూసి పిల్లాడు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాడు.

పొద్దున్నే వాడి సంచి మొత్తం మంచం మీద గుమ్మరించాను. సైన్స్ నోట్సులో మూడు పాఠాలు ఖాళీ. హెడ్డింగు రాసి, కింద గీత కొట్టి, అంతే వదిలేశాడు. సోషల్‌లో రెండు మ్యాపులు ఇవ్వలేదు. ఇంగ్లీషు ప్రాజెక్టు మొదలే పెట్టలేదు. హిందీలో రెండు పాఠాల ప్రశ్నలు-జవాబులు లేవు. మ్యాథ్స్ యాక్టివిటీ ఒకటి. లెక్కేస్తే తొమ్మిది. డైరీలో ఆగస్టు నుంచి ఐదు చోట్ల ఎర్ర ఇంకుతో 'నాట్ సబ్మిటెడ్' అని రాసి ఉంది. ప్రతిదాని కింద నా సంతకం ఉంది. అది నేను పెట్టింది కాదు.

ఆ సంతకం చూసినప్పటి నుంచి నాకు చేతులు ఆడడం లేదు. నేను ఆస్పత్రిలో పనిచేస్తాను, నావీ షిఫ్టులే. ఈ తొమ్మిదీ ఎక్కడ మొదలుపెట్టించాలి? రాత్రిళ్ళు కూర్చుని నేనే కొన్ని రాసేస్తే తప్పా? ట్యూషన్ పెట్టించమంటారా? పిల్లాడికి చదువు మీద మనసు పోయిందేమోనని భయంగా ఉంది.

సాయంకాలం లెక్కలు
నవంబరు 8, మధ్యాహ్నం 1:15

కంగారు పడకండమ్మా. ఒక్కటి చెప్పండి. కార్డు మీద గ్రేడు ఒక్కటే ఇచ్చారా, లేక పరీక్ష మార్కులు, పీరియాడిక్ టెస్ట్, నోట్‌బుక్ అని వేరువేరు గడులు ఉన్నాయా? ఉంటే ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. ట్యూషన్ సంగతి తర్వాత మాట్లాడదాం.

ఉక్కునగరం అమ్మ
నవంబరు 8, మధ్యాహ్నం 1:50

ఉన్నాయండి, నేను ఇంతవరకు ఆ గడులు చదవనే లేదు.

సైన్స్: పీరియాడిక్ టెస్ట్ 10కి 8, నోట్‌బుక్ 5కి 1, సబ్జెక్ట్ ఎన్‌రిచ్‌మెంట్ 5కి 2, హాఫ్ ఇయర్లీ 80కి 68. మొత్తం 79.

సోషల్: 7, 2, 1, 52. మొత్తం 62.

సాయంకాలం లెక్కలు
నవంబరు 8, మధ్యాహ్నం 2:45

అమ్మా, మీ రెండు సబ్జెక్టులవీ రెండు వేర్వేరు కథలు. కార్డు మీద రెండూ పక్కపక్కనే 'బీ' అని ఉండడంతో ఒకేలా కనబడుతున్నాయి.

నేను అక్కయ్యపాలెంలో ఆరు నుంచి పదో తరగతి దాకా పిల్లలకు లెక్కలు చెప్తాను. ప్రతి నవంబరులోనూ కార్డు పట్టుకుని ఒకరిద్దరు తల్లిదండ్రులు వస్తారు. ముందు ఆ గడులు చదవడం చెప్తాను, ఆ తర్వాతే పిల్లాణ్ణి కూర్చోబెడతాను.

మీ బడివాళ్ళు పాటిస్తున్నది 2017లో సీబీఎస్‌ఈ ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఇచ్చిన పద్ధతి. తర్వాత బోర్డు దాన్ని తప్పనిసరి చేయకపోయినా చాలా బడులు అదే ఉంచుకున్నాయి. ఒక టర్మ్‌కి 100 మార్కులు. అందులో పరీక్ష 80, పీరియాడిక్ టెస్ట్ 10, నోట్‌బుక్ 5, సబ్జెక్ట్ ఎన్‌రిచ్‌మెంట్ 5. సైన్స్‌లో ఎన్‌రిచ్‌మెంట్ అంటే ప్రయోగాలు, సోషల్‌లో మ్యాపులు, ప్రాజెక్టులు. 91 నుంచి ఏ1, 81 నుంచి ఏ2, 71 నుంచి బీ1, 61 నుంచి బీ2, అలా పదేసి మార్కులకు ఒక మెట్టు దిగుతుంది.

ఇప్పుడు సైన్స్ చూడండి. 80కి 68 అంటే వందకి 85. పాఠం వాడికి వచ్చు. నోట్సు ఇచ్చి 4, ప్రయోగాల రికార్డు ఇచ్చి 4 తెచ్చుకుని ఉంటే మొత్తం 84, అంటే ఏ2. పోయినేడాది గ్రేడే. అంటే సైన్స్‌లో తగ్గింది అచ్చంగా బాకీల వల్ల.

సోషల్ అలా కాదు. 80కి 52 అంటే వందకి 65. నోట్సుకి 4, మ్యాపులకి 4 వేసుకున్నా 67 అవుతుంది. అప్పుడూ బీ2యే. అక్కడ బాకీ తీర్చినంత మాత్రాన సరిపోదు, పాఠం మళ్ళీ చదవాలి. జవాబు పత్రం తెప్పించుకుని ఏ రకం ప్రశ్నల్లో పోయాయో చూడండి. మ్యాపు ఇవ్వని పిల్లాడు పరీక్షలో మ్యాపు ప్రశ్న వదిలేయడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. మొదటి టర్మ్ మార్కులు కార్డు మీదికి ఎక్కేశాయి. ఇప్పుడు నోట్సు పూర్తి చేసినా ఆ 1ని 4 చేయరు. మరి ఎందుకు పూర్తి చేయడం అంటారా? అదే పద్ధతిలో వార్షిక పరీక్షకు మొదటి టర్మ్ పాఠాల నుంచి కొంత భాగం అడుగుతారు. ఆరో తరగతికి 10 శాతం, ఏడుకి 20, ఎనిమిదికి 30. మీ బడిలో ఏ పాఠాలు మళ్ళీ వస్తాయో టీచర్‌ని అడిగి, బాకీల్లో ఆ పాఠాలవి ముందు రాయించండి.

గాజువాక నాన్న
నవంబరు 8, సాయంత్రం 6:30

నా మాట కొంచెం కటువుగా ఉంటే క్షమించండి. ఆలస్యంగా ఇస్తే సున్నా వేయాలి. నేను డాక్‌యార్డులో కాంట్రాక్టు పనులు చూస్తాను. చెప్పిన తేదీకి పని అప్పగించకపోతే బిల్లులో కోత పడుతుంది, ఎవరూ జాలిపడరు. పదమూడేళ్ళకు ఈ మాట నేర్పకపోతే ఇంకెప్పుడు నేర్పుతాం? మా పెద్దవాడికి ఇదే జరిగితే నెల రోజులు ఫోను ముట్టనివ్వలేదు. దారిలో పడ్డాడు.

సాయంకాలం లెక్కలు
నవంబరు 8, రాత్రి 9:10

అన్నా, తేదీ విలువ పిల్లలకు నేర్పాలనడంలో మీతో పేచీ లేదు. సున్నా లెక్క మాత్రం ఒకసారి చూడండి.

ఐదు అసైన్‌మెంట్లు, ఒక్కోదానికి 20 మార్కులు అనుకుందాం. పిల్లాడికి 18, 17, 16, 17 వచ్చాయి. ఒకటి ఇవ్వలేదు, సున్నా. మొత్తం 68. ఇచ్చిన నాలుగింటి సగటు 17, అంటే వందకి 85. ఒక్క సున్నాతో 68కి పడిపోయింది. ఏ2 నుంచి బీ2కి రెండు మెట్లు. అదే ఆలస్యమైనా తీసుకుని, సగం కోసి 10 వేశారనుకోండి, 78. కోత పడిందని పిల్లాడికి తెలుస్తుంది, మళ్ళీ లేవగలననీ తెలుస్తుంది. మీ బిల్లులో కూడా కోతే పడుతుంది కదా, పని మొత్తానికి డబ్బులు ఎగ్గొట్టరు.

ఈ లెక్క పిల్లల చేతే వేయించండి. '18ని 20 చేయడానికి పడే కష్టం ఎంత, ఆ సున్నాని 10 చేయడానికి పడే కష్టం ఎంత?' అని అడిగితే వాళ్ళే చెప్తారు. మా దగ్గర ఒకమ్మాయి ఈ లెక్క వేసి, ఆ సాయంత్రమే పాత యాక్టివిటీ పుస్తకం తీసుకొచ్చింది.

భీమిలి దారి టీచరమ్మ
నవంబరు 8, రాత్రి 10:05

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్తాను. టీచర్ల వైపు నుంచి కూడా కొంచెం వినండి.

ఒక సెక్షన్లో నలభై మంది. నాకు మూడు సెక్షన్లు. ఒక్క వారం నోట్సు దిద్దాలంటే 120 పుస్తకాలు. ఒక్కోటి రెండు నిమిషాలు చూసినా నాలుగు గంటలు. ఆలస్యంగా వచ్చిన పుస్తకం ఒకటే అయితే ఇబ్బంది లేదు. పదిహేను పుస్తకాలు పదిహేను రోజుల్లో వస్తే, ఏ పాఠం ఎవరిది చూశానో నాకే గుర్తుండదు. 'తేదీ దాటితే తీసుకోను' అని మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా అన్నారంటే చాలాసార్లు కారణం ఈ అలసటే. పిల్లాడి మీద కోపం ఉండదు. నేను ఇప్పుడు శుక్రవారం ఆఖరి పీరియడ్ బాకీలకే ఉంచాను. ఆ రోజు తెస్తే చూస్తాను, మిగతా రోజుల్లో తీసుకోను. పిల్లలకూ ఒక రోజు గుర్తుంటుంది.

మార్కుల గురించి గాజువాక అన్నగారికి ఒక మాట. నేను చాలా ఏళ్ళు ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో వేసే మార్కులు) మార్కులు వేశాను. 50కి వేసేవాళ్ళం. పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలకు 10, రాత అంశాలకు 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20. ఒక పిల్లాడికి లఘు పరీక్షలో 17 వచ్చేది, ప్రాజెక్టు ఇచ్చేవాడు కాదు, నోట్సు ఉండేది కాదు. పాఠంలో మాట్లాడినందుకు 6 వేస్తే మొత్తం 23. పక్క పిల్లకి పరీక్షలో 11, మిగతా మూడింటికీ తొమ్మిదేసి, మొత్తం 38. కార్డు చూసినవాళ్ళు ఎవరికి పాఠం బాగా వచ్చనుకుంటారు? ఆ పిల్లాడికి కావలసింది ప్రాజెక్టు పూర్తి చేయించే మనిషి. ఆ పిల్లకు కావలసింది పాఠం ఇంకోసారి చెప్పే మనిషి. మొత్తం మార్కు ఒక్కటే చూసి ఇద్దరికీ ఒకే మందు వేస్తే ఇద్దరూ నష్టపోతారు.

2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగినప్పుడు మా బడికి వచ్చిన తల్లుల్లో చాలామంది అడిగింది 'మా పిల్ల ఎలా చదువుతోంది' అని. ఒకావిడ మాత్రం 'మా పిల్ల ఏది ఇవ్వలేదో చెప్పండి' అని అడిగింది. ఆమె కూరగాయలు అమ్ముతుంది, చదువుకోలేదు. ఆ ఒక్క ప్రశ్నకి నేను జాబితా రాసి ఇచ్చాను, మరుసటి నెలకల్లా ఆ పిల్ల బాకీ అంతా తీరింది.

ఉక్కునగరం అమ్మా, మీరూ అలాగే అడగండి. కాకపోతే మీ వాడు ఏడో తరగతి కాబట్టి వాడి చేతే అడిగించండి.

ఎంవీపీ కాలనీ తల్లి
నవంబరు 9, ఉదయం 7:20

రాత్రిళ్ళు మీరే రాసేస్తే తప్పా అని అడిగారు కదా. దయచేసి రాయకండి. నేను రాశాను.

మా పాప ఆరో తరగతిలో ఉండగా మూడు నెలల నోట్సు నా చేత్తో రాశాను, దాని అక్షరాలలాగే ఉండేలా సాధన చేసి మరీ. ప్రాజెక్టులకు పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి చార్టులు, థర్మాకోల్ తెచ్చి అర్ధరాత్రి దాకా అంటించాను. 'ఎక్సలెంట్' వచ్చినప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది. పాప ముఖంలో సంతోషం లేదని నాకు చాలాకాలం కనబడలేదు. ఎనిమిదికి వచ్చాక ఒక చిన్న పేరా కూడా సొంతంగా రాయడానికి భయపడింది. 'నువ్వు రాస్తేనే బాగుంటుందమ్మా' అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి, మెల్లగా కోలుకుంటోంది.

పక్కన కూర్చోండి. అట్ట వేయండి, మార్జిన్ కొట్టండి, ఇండెక్స్ పేజీ గీయండి. అక్షరం మాత్రం వాడినే రాయనివ్వండి.

పెందుర్తి ఇంటర్ స్టూడెంట్
నవంబరు 9, ఉదయం 11:45

నేను పెద్దవాళ్ళ మధ్య మాట్లాడుతున్నాను, తప్పయితే చెప్పండి. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఆంటీ వాళ్ళ అబ్బాయి లాగే నేనూ ఏడో తరగతిలో అమ్మ సంతకం పెట్టాను. అది ఎలా జరుగుతుందో చెప్తాను.

మొదట ఒక్కటే ఉంటుంది. జ్వరం వచ్చి రెండు రోజులు వెళ్ళలేదు, సైన్స్ నోట్సు రాసుకోలేదు. ఫ్రెండ్ పుస్తకం అడిగితే 'రేపిస్తా' అన్నాడు. రేపటికి ఇంకో పాఠం మొదలైంది. టీచర్ అడిగితే 'ఇంట్లో మర్చిపోయాను సార్' అన్నాను. అబద్ధం చెప్పాక మర్నాడు నిజంగా పూర్తి చేసి తీసుకెళ్ళాలి, లేకపోతే దొరికిపోతాను. పూర్తి కాలేదు. అప్పటి నుంచి సార్ క్లాసులోకి రాగానే కడుపులో తిప్పేది. తల దించుకుని కూర్చునేవాణ్ణి. పాఠం వినడం లేదు, సార్ చూపు నా మీద పడకుండా ఉంటే చాలు అనుకునేవాణ్ణి. డైరీలో రాశారు. అమ్మకి చూపిస్తే 'ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు' అంటుంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, అందుకని సంతకం పెట్టేశాను.

సోమరితనం అని అందరూ అనుకున్నారు. నిజానికి ఆ నాలుగు నెలలు నేను పడినంత టెన్షన్ ఇంకెప్పుడూ పడలేదు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్‌లో కూడా.

నన్ను బయటపడేసింది మా చిన్నాన్న. ఆయన ఏమీ తిట్టకుండా సంచి తీసి, తెల్లకాగితం మీద ఏమేం బాకీ ఉన్నాయో నా చేతే రాయించారు. నా తలలో అవి వంద ఉన్నట్టు ఉండేవి. కాగితం మీద పెడితే పద్నాలుగు. పద్నాలుగు చూసి నాకు ఏడుపొచ్చింది, కానీ అది కొంచెం తేలికయిన ఏడుపు.

అబ్బాయిని సంతకం గురించి అడగండి ఆంటీ. కానీ 'ఎందుకు పెట్టావు' అని కాకుండా 'మొదటిది ఏది ఆగిపోయింది' అని అడగండి.

ఉక్కునగరం అమ్మ
నవంబరు 9, రాత్రి 11:30

బాబూ, నువ్వు చిన్నవాడివైనా చాలా పెద్ద మాట చెప్పావు. నీ మాట ప్రకారమే అడిగాను.

చాలాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. ఆగస్టులో వాళ్ళ నాయనమ్మకి బాగోక మేం నాలుగు రోజులు శ్రీకాకుళం వెళ్ళాం. అప్పుడు ఆగిందట సైన్స్ నోట్సు. క్లాస్ గ్రూపులో పేజీల ఫొటోలు పెడతారు గానీ, ఆ గ్రూపు నా ఫోన్లో ఉంది, నేనేమో డ్యూటీలో ఉంటాను. నేను ఇంటికొచ్చేసరికి వాడు నిద్రపోతాడు. అడగడానికి మొహమాటపడ్డాడట, 'నువ్వు అలిసిపోయి వస్తావు కదమ్మా' అన్నాడు. నేను ఏం మాట్లాడలేకపోయాను.

సంతకం పెట్టడం తప్పేనని చెప్పాను. క్లాస్ టీచర్‌కి ఆ ఐదు సంతకాలు నావి కావని నేనే చెప్తానన్నాను. భయపడ్డాడు గానీ ఒప్పుకున్నాడు. వాళ్ళ నాన్నకి కార్డు గడులన్నీ విడివిడిగా చూపించాను. 68 చూసి 'మరి వీడికి వచ్చు కదా' అన్నారు. పిల్లాడు పక్కగదిలోంచి విన్నాడు.

సీతమ్మధార
నవంబరు 10, ఉదయం 6:50

అందరి మాటలూ బాగున్నాయి. ఒక్క విషయం కలుపుతాను. బాకీలు పడడానికి కారణం ప్రతిసారీ ఊరెళ్ళడమో భయమో కాకపోవచ్చు.

మా అమ్మాయి ఆరో తరగతిలో ఏ ప్రశ్న అడిగినా నోటితో చక్కగా చెప్పేది. పుస్తకం తెరిస్తే ఖాళీ. ఒక పేజీ రాయడానికి గంట పట్టేది, అక్షరాలు గీతల మీద నిలిచేవి కావు. బద్ధకమని రెండేళ్ళు అందరం తిట్టాం. చివరికి పిల్లల మానసిక నిపుణులకు చూపిస్తే, రాయడంలోనే ప్రత్యేకమైన ఇబ్బంది ఉందన్నారు. అభ్యసన లోపాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిందని, బోర్డు పరీక్షల్లో అలాంటి పిల్లలకు అదనపు సమయం వంటి వెసులుబాట్లు ఉంటాయని అప్పుడే తెలిసింది. ఇప్పుడు బడివాళ్ళు సగం ప్రశ్నలు నోటితో అప్పజెప్పించుకుంటున్నారు. బోర్డు మీది నోట్సు జిరాక్స్ అంటించుకోనిస్తున్నారు.

మీ అబ్బాయిది ఇది కాదనుకుంటాను, పరీక్షలో 68 రాశాడు కాబట్టి. కానీ ఇది చదివే ఇంకెవరికైనా ఇంట్లో ఇలాగే ఉంటే, తిట్టే ముందు ఒకసారి చూపించండి.

కొత్తరోడ్డు శ్రీను
నవంబరు 10, ఉదయం 9:30

మధ్యలో వస్తున్నాను. మా వాడు ఎనిమిది. ఇలా గ్రేడ్లు తగ్గితే ఎనిమిదిలో ఆపేస్తారని మా వీధిలో అంటున్నారు. నిజమా?

భీమిలి దారి టీచరమ్మ
నవంబరు 10, సాయంత్రం 5:15

బీ1, బీ2 వచ్చినంత మాత్రాన ఎవరూ ఆపరు, భయపడకండి. ఆ మాట ఎక్కడిదంటే, 2019లో విద్యాహక్కు చట్టాన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టి, అందులో తప్పినవారిని ఆపాలా వద్దా అనేది ప్రభుత్వాలు నిర్ణయించుకోవచ్చన్నారు. 2024 డిసెంబరులో కేంద్రం నిబంధనలు ఇచ్చింది. వాటి ప్రకారం తప్పిన పిల్లలకు అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితేనే అదే తరగతిలో ఉంచుతారు. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా ఏ పిల్లాణ్ణీ బడి నుంచి పంపేయకూడదు. మీ బడిలో ఏది అమలవుతోందో హెడ్‌మాస్టర్‌ గారిని అడిగి తెలుసుకోండి.

ఉక్కునగరం అమ్మకి ఇప్పుడు తొమ్మిది బాకీల సంగతి. పిల్లాడు రోజూ ఎంతసేపు రాయగలడో ముందు చూడాలి. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఇంటిపని రోజుకు గంట మించకూడదన్నారు. చాలా బడులు దాటేస్తాయి, నాకు తెలుసు. అయినా ఆ గంట మనకు కొలతగా పనికొస్తుంది. బడి, ట్యూషన్ అయ్యాక రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి తొమ్మిదీ ఒక్క వారంలో రాయిస్తే, పదో బాకీ ఆ వారంలోనే పడుతుంది.

ముందు ఈ రోజుది రాయించండి. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పాతవి తీరాకే కొత్తవి అనుకుంటారు. అప్పుడు ఈ రోజుది రేపటి పాతది అవుతుంది, ఆ వరస ఎప్పటికీ తీరదు. ఈ రోజుది అయ్యాక ఇరవై నిమిషాలు ఒక పాతదానికి. గడియారం చూసి ఆపేయండి, సగంలో ఉన్నా సరే.

పాతవాటిలో ఏది ముందంటే, ఇప్పటికీ మార్కు పడేది ముందు. ఇంగ్లీషు ప్రాజెక్టు అలాంటిదేమో అడిగించండి. తర్వాత, రాబోయే పాఠానికి ఆధారమయ్యేది. మిగిలినవి ఉత్తగా చూసి రాసే పని అయితే, 'ఇది ఇంకా కావాలా టీచర్, వదిలేయమంటారా' అని అడగమనండి. నేనయితే రెండుమూడు కొట్టేస్తాను. పిల్లాడు వచ్చి అడిగాడంటే నాకు అదే గొప్ప.

అడిగేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళవద్దు. ఒకటి పూర్తి చేసి పట్టుకెళ్ళి, మిగతావాటికి తేదీ అడగాలి. క్లాసు మధ్యలో వద్దు, ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్ దగ్గరికి. మాట రాక తడబడతాడనుకుంటే చీటీ రాసుకుని వెళ్ళమనండి.

గాజువాక నాన్న
నవంబరు 10, రాత్రి 9:40

టీచరమ్మగారూ, శుక్రవారం పద్ధతి నచ్చింది. అది తేదీయే కదా. సున్నా విషయంలో నా మాట పూర్తిగా మారలేదు గానీ, ఆ 68, 78 లెక్క మా ఆవిడకి చూపించాను. మా చిన్నవాడు ఆరో తరగతి, వాడి కార్డు తీసి గడులు చదివాం. హిందీ నోట్‌బుక్ 5కి 0 ఉంది. ఇంతవరకు మా కంట పడలేదు.

ఇంకో మాట, మా ఇంట్లో పనికొచ్చింది కాబట్టి చెప్తున్నాను. సంచి రాత్రే సర్ది గుమ్మం పక్కన పెట్టించండి. మా పెద్దవాడికి నోట్సు రాసినా, దాన్ని ఇంట్లో మంచం కింద వదిలేసి వెళ్ళిన రోజులు చాలా ఉన్నాయి. అవీ 'ఇవ్వలేదు' కిందే పడతాయి.

ఉక్కునగరం అమ్మ
నవంబరు 23, ఆదివారం రాత్రి 8:20

రెండు వారాలయింది. మీ అందరికీ చెప్పాలని కూర్చున్నాను.

క్లాస్ టీచర్‌ని కలిశాను. సంతకాల సంగతి చెప్తే, 'నాకూ అనుమానం వచ్చింది, ఫోను చేయాల్సింది' అన్నారు ఆవిడ. మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. 'నాట్ సబ్మిటెడ్' రెండోసారి పడితే ఆవిడ నాకు ఒక మెసేజ్ పెడతారు. క్లాస్ గ్రూపు ఇప్పుడు ఇంట్లో ఉండే పాత ఫోన్లో పెట్టాం. సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర దాకా అది వాడి చేతిలో ఉంటుంది, నోట్సు ఫొటోలు చూసుకోవడానికి.

తొమ్మిదిలో సైన్స్ టీచర్ ఒక పాఠం కొట్టేశారు. మిగతా రెండూ రాసి ఇచ్చాడు. ఒక రోజు ఇరవై నిమిషాలకి నాలుగు లైన్లే అయ్యాయి, నాకు ప్రాణం ఉసూరుమంది. కానీ టీచరమ్మగారు చెప్పినట్టు ఆపేయించాను. సోషల్ మ్యాపు ఒకటి ఇచ్చాడు, ఒకటి ఉంది. సోషల్ పేపర్ తెప్పించి చూస్తే, లెక్కల మాస్టారు అన్నట్టే మ్యాపు ప్రశ్న ముట్టుకోలేదు. పెద్ద ప్రశ్నలకు రెండేసి లైన్లు రాసి వదిలేశాడు. ఇప్పుడు వాళ్ళ నాన్నకి ఎ షిఫ్టు (పొద్దుటి డ్యూటీ) వచ్చిన వారాల్లో సాయంత్రం ఇద్దరూ సోషల్ పాఠం బయటికి చదువుకుంటున్నారు.

ఇంగ్లీషు ప్రాజెక్టుకి టీచర్ వారం గడువు ఇచ్చారు. 'మన ఊళ్ళో ఒక చోటు' అనే అంశం. పోయిన ఆదివారం బీచ్‌రోడ్డులో ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి చూపించాం. 2001లో నౌకాదళం నుంచి విరమించాక, 2002లో దాన్ని మ్యూజియం చేశారు కదా. లోపల ఆ ఇరుకు మంచాలు చూసి 'ఇందులో నెలల తరబడి ఎలా ఉన్నారు నాన్నా' అని అడుగుతూనే ఉన్నాడు. అదే రాశాడు. నాలుగు పేజీలు, అక్షరాలు వంకర, బొమ్మ ఒకటే. 10కి 6 వేశారు, ఆలస్యానికి 2 కోసి. ఎంవీపీ కాలనీ అక్కా, నా చేయి చాలాసార్లు పెన్ను దాకా వెళ్ళింది, నీ మాట గుర్తొచ్చి ఆగాను. 'బొమ్మలు ఇంకా వేసుంటే 7 వచ్చేది' అని వాడే లెక్క చెప్పాడు.

మ్యాథ్స్ యాక్టివిటీ కూడా ఇచ్చేశాడు. ఇక మిగిలినవి ఒక మ్యాపు, హిందీ రెండు. హిందీ మేడమ్ అంటే వాడికి ఇంకా భయమే. సోమవారం వెళ్తానన్నాడు.

పెందుర్తి ఇంటర్ స్టూడెంట్
నవంబరు 23, రాత్రి 9:05

ఆంటీ, చాలా సంతోషంగా ఉంది. హిందీ మేడమ్‌కి చీటీ రాసుకున్నాడా?

ఉక్కునగరం అమ్మ
నవంబరు 23, రాత్రి 9:30

రాసుకున్నాడు బాబూ. సంచి గుమ్మం పక్కన పెట్టేశాడు, చీటీ పై అరలో ఉంది. అడిగితే, ఇక్కడ పెట్టడానికి ఒప్పుకున్నాడు:

'మేడమ్, నేను రెండు పాఠాల ప్రశ్నలు-జవాబులు రాయలేదు. ఒక పాఠంలో మూడు ప్రశ్నలు రాసి తెచ్చాను. మిగతావి రోజుకి ఒకటి రాసి వచ్చే సోమవారం ఇస్తాను. ఆ రోజు తీసుకుంటారా?'